మందుల చీటీ ముందు మూడు ప్రశ్నపత్రాలు: ఫార్మసిస్టు అర్హత పరీక్షకు మూలజ్ఞానం ఏది?

వైద్యుడు రాసిన చీటీ ప్రకారం మందు కలపడానికీ, తయారుచేయడానికీ, ఇవ్వడానికీ రిజిస్టరైన ఫార్మసిస్టుకు తప్ప మరొకరికి అధికారం లేదని 1948 నాటి ఫార్మసీ చట్టంలోని 42వ సెక్షన్ నిర్దేశిస్తుంది. తన రోగులకు తానే మందు ఇచ్చే వైద్యునికి మాత్రం అందులో మినహాయింపు ఉంది. డి.ఫార్మ్ అనే రెండేళ్ల డిప్లొమా, దాని వెంట ఆచరణ శిక్షణ పూర్తిచేసినవారు ఆ అధికారాన్ని పొందే పద్ధతి చాలాకాలం నడిచింది. డిప్లొమా తరువాత, రాష్ట్ర కౌన్సిల్‌లో పేరు నమోదుకు ముందు మరొక పరీక్ష ఉండాలని భారత ఫార్మసీ కౌన్సిల్ 2022 ఫిబ్రవరిలో ఎగ్జిట్ పరీక్ష నియమావళిని ప్రకటించడంతో, ఈ వృత్తికి తప్పనిసరి అయిన కనీస జ్ఞానం ఏది, అనవసరంగా మోసే భారం ఏది అన్న ప్రశ్న విద్యార్థుల ముందుకు కొత్తగా వచ్చింది.

ఈ ప్రశ్నను పుస్తకాల మధ్య మాత్రమే పరిశీలిస్తే సమాధానం విషయసూచికలాగే తేలుతుంది. మందు వాడే మనుషులూ వారి నేలా కూడా లెక్కలోకి వస్తేనే ఏది మూలమో, ఏది కొసరో స్పష్టమవుతుంది. అందువల్ల ఈ సమీక్షకు అనంతపురం–బళ్ళారి దారిలో ఉన్న ఉరవకొండ ప్రాంతం ఆధారంగా తీసుకోబడింది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే కరవు పీఠభూమి ఇది. వేసవిలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. వేరుశనగ సేద్యమూ, పురుగుమందుల వాడకమూ, ఫ్లోరైడ్ కలిసిన బోరునీరూ ఇక్కడి బ్రతుకులో భాగాలు. పాఠ్యపుస్తకంలోని సూత్రాలలో చాలావాటికి ఈ నేల మీద ప్రతి వేసవిలోనూ పరీక్ష జరుగుతూనే ఉంటుంది.

అర్హత వెనుక ఉన్న చరిత్ర

బ్రిటిష్ పాలనలో మందుల తయారీకీ అమ్మకానికీ దేశవ్యాప్తమైన అదుపు లేకపోవడం వల్ల నాసిరకం మందులు విచ్చలవిడిగా చెలామణి అయ్యాయి. దీనిపై విచారణకు 1930లో రామ్‌నాథ్ చోప్రా అధ్యక్షతన ఏర్పడిన సంఘం మరుసటి ఏడాది నివేదిక ఇచ్చి, మందుల నాణ్యతకు ఒక చట్టమూ, మందులిచ్చే వృత్తికి మరొక చట్టమూ అవసరమని సూచించింది. మొదటి సూచన 1940లో డ్రగ్స్ చట్టంగా, 1945లో దాని నిబంధనలుగా రూపుదాల్చగా, రెండవది స్వాతంత్ర్యం వచ్చాక 1948లో ఫార్మసీ చట్టమైంది. బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో మహాదేవ్ లాల్ ష్రాఫ్ 1932లో ప్రారంభించిన ఫార్మసీ బోధన ఈ వృత్తికి విశ్వవిద్యాలయ స్థాయిని కల్పించింది. తెలుగునాట 1951లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆ దారిలో నడిచింది. అనంతపురంలో నూనె గింజల పరిశోధన కోసం వెలసిన సంస్థ నేడు జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం కింద నూనె సాంకేతిక, ఫార్మసీ పరిశోధనా సంస్థగా కొనసాగుతోంది.

ఈ రెండు చట్టాల మధ్య తేడా విద్యార్థి మొదట గ్రహించవలసిన విషయం. డ్రగ్స్ చట్టం సరుకును అదుపు చేస్తుంది. ఫార్మసీ చట్టం మనిషిని అదుపు చేస్తుంది. మందుల షాపుకు లైసెన్సు మొదటి చట్టం కింద వస్తుంది, అందులో పనిచేసే ఫార్మసిస్టుకు రిజిస్ట్రేషన్ రెండవ చట్టం కింద వస్తుంది. వాడుకలో రెండింటినీ లైసెన్సు అనే పిలవడం వల్ల పరీక్షలో తప్పు సమాధానాలకూ, ఊళ్లలో ఒకరి సర్టిఫికెట్‌తో మరొకరు షాపు నడిపే చెడు అలవాటుకూ తావు ఏర్పడుతోంది.

మూడు పత్రాల స్వరూపం

2022 నియమావళి ప్రకారం ఎగ్జిట్ పరీక్షలో బహుళైచ్ఛిక ప్రశ్నలతో మూడు పత్రాలు ఉంటాయి. మొదటి పత్రంలో మందుల తయారీశాస్త్రమైన ఫార్మాస్యూటిక్స్, శరీరంపై మందుల చర్యను వివరించే ఫార్మకాలజీ, సహజ వనరుల నుంచి వచ్చే మందులను పరిశీలించే ఫార్మకోగ్నసీ కలిసి ఉంటాయి. రెండవ పత్రంలో ఔషధ రసాయనశాస్త్రం, జీవరసాయనశాస్త్రం, ఆసుపత్రి–క్లినికల్ ఫార్మసీ ఉంటాయి. మూడవది మందుల చట్టాలకూ, మందుల షాపు నిర్వహణకూ కేటాయించబడింది. ప్రతి పత్రంలోనూ కనీసం 50 శాతం మార్కులు ఒకే దఫాలో రావాలి, ఎన్నిసార్లయినా రాయవచ్చు, పరీక్ష ఇంగ్లీషులో ఉంటుంది.

ఈ విభజన చాలావరకు 1991 నాటి విద్యా నియమావళిలోని సబ్జెక్టుల పేర్లను అనుసరించింది. 2020లో వచ్చిన కొత్త నియమావళి సామాజిక ఫార్మసీ, రోగాన్ని బట్టి మందును ఎంచే ఫార్మకోథెరప్యూటిక్స్ వంటి పాఠాలను చేర్చి, దృష్టిని మందు నుంచి రోగి వైపు మళ్లించింది. కాబట్టి కొత్త పాఠాలు చదివిన విద్యార్థి పాత పేర్లున్న పత్రాలను రాయవలసి వస్తుంది. ఈ పొసగనితనం చిన్నదిగా కనిపించినా, చదువును సబ్జెక్టుల వారీగా పంచుకొని ఒకదానితో మరొకటి కలపకుండా బట్టీపట్టే ధోరణికి ఇది బలం ఇస్తుంది. చీటీ మాత్రం ఎప్పుడూ సబ్జెక్టుల వారీగా రాదు. ఒకే చీటీలో రసాయనమూ, లెక్కా, చట్టమూ, రోగి వయసూ కలిసే ఉంటాయి.

శరీరంలో మందు నడక

ఫార్మకాలజీలో మందుల పేర్లు వందల్లో ఉన్నా వాటిని నడిపించే సూత్రాలు కొన్నే. మందు శరీరంలోకి చేరడం, కణజాలాల్లో వ్యాపించడం, కాలేయంలో మార్పు చెందడం, మూత్రం ద్వారానో పైత్యరసం ద్వారానో బయటికి పోవడం అనే నాలుగు దశలను ఫార్మకోకైనెటిక్స్ పరిశీలిస్తుంది. మింగిన మందులో రక్తంలోకి మార్పు చెందకుండా చేరే భాగాన్ని జీవలభ్యత అంటారు. ప్రేగుల నుంచి గుండెకు పోయే దారిలో కాలేయం తొలివిడతలోనే చాలా భాగాన్ని నాశనం చేస్తే ఆ మందు మింగడానికి పనికిరాదు. గుండెనొప్పికి వాడే నైట్రోగ్లిజరిన్‌ను నాలుక కింద పెట్టుకోమనడానికి కారణం ఇదే. రక్తంలో మందు గాఢత సగానికి తగ్గే కాలాన్ని అర్ధాయువు అంటారు. ఒకే మోతాదును క్రమంగా ఇస్తున్నప్పుడు నాలుగైదు అర్ధాయువులు గడిచాకనే గాఢత నిలకడకు వస్తుంది. డిగాక్సిన్ అర్ధాయువు మూత్రపిండాలు బాగున్నవారిలో ఒకటిన్నర నుంచి రెండు రోజులు కనుక, దాని నిలకడకు వారం పైగా పడుతుంది; మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో ఇది ఇంకా సాగి విషప్రభావానికి దారితీస్తుంది.

ఇదే సూత్రం వేసవి పొలంలో పనిచేసే మనిషికి అన్వయిస్తే దాని బరువు తెలుస్తుంది. రక్తపోటుకు ఎనలాప్రిల్ వంటి మందు, దానితో మూత్రం ఎక్కువగా వెళ్లేలా చేసే బిళ్ల వాడుతున్న రైతు, మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్ తానే కొనుక్కున్నాడనుకోవాలి. మూత్రపిండంలోని వడపోత గుచ్ఛానికి రక్తం తెచ్చే నాళాన్ని ప్రోస్టాగ్లాండిన్లు వెడల్పు చేస్తాయి, బయటికి తీసుకుపోయే నాళాన్ని యాంజియోటెన్సిన్ బిగిస్తుంది. ఈ రెండు ఏర్పాట్ల వల్ల నీరు తగ్గినా వడపోత సాగుతుంది. డైక్లోఫెనాక్ మొదటిదాన్ని, ఎనలాప్రిల్ రెండవదాన్ని దెబ్బతీయగా, మూత్రపు బిళ్లా ఎండా కలిసి ఒంట్లోని నీటినే తగ్గిస్తాయి. ఫలితంగా మూత్రపిండాలు కొద్ది రోజుల్లోనే చతికిలపడవచ్చు. అదే రైతు మధుమేహానికి మెట్‌ఫార్మిన్ కూడా వాడుతుంటే, బయటికి పోని ఆ మందు రక్తంలో లాక్టిక్ ఆమ్లం పేరుకొనే ప్రమాదాన్ని పెంచుతుంది. నాలుగు మందుల దుష్ఫలితాలను నాలుగు జాబితాలుగా కంఠస్థం చేసినవారికి ఈ ముప్పు కనిపించదు. మూత్రపిండం పనిచేసే తీరు తెలిసినవారికి జాబితా లేకపోయినా కనిపిస్తుంది.

మందుల మధ్య చర్యలకూ ఇదే పద్ధతి వర్తిస్తుంది. కాలేయ ఎంజైములను ప్రేరేపించే రిఫాంపిసిన్, ఫెనిటోయిన్, కార్బమజెపైన్ ఇతర మందులను త్వరగా ఖర్చు చేస్తాయి. ఆ ఎంజైములను అణచే కీటోకొనజోల్, ఎరిత్రోమైసిన్, సిమెటిడిన్ వాటిని నిలవ చేస్తాయి. క్షయకు రిఫాంపిసిన్ వాడే స్త్రీకి గర్భనిరోధక మాత్రలు పనిచేయకపోవచ్చు, హెచ్.ఐ.వి.కి డొల్యుటెగ్రవిర్ వాడేవారికి రిఫాంపిసిన్ మొదలైతే 50 మిల్లీగ్రాముల మోతాదును రోజుకు రెండుసార్లు ఇవ్వవలసి వస్తుంది. గ్రామీణాభివృద్ధి సంస్థ బత్తలపల్లిలో నడిపే ఆసుపత్రి వంటి చోట్ల ఈ రెండు వ్యాధులూ కలిసిన రోగులు కనిపిస్తారు కాబట్టి, అనంతపురం విద్యార్థికి ఇది పుస్తకానికే పరిమితమైన ప్రశ్న కాదు. క్షయ మందులలో ఐసోనియాజిడ్ వల్ల నరాల తిమ్మిరి, పైరజినమైడ్ వల్ల యూరిక్ ఆమ్లం పెరుగుదల, ఇథాంబ్యుటాల్ వల్ల చూపు మందగించడం, రిఫాంపిసిన్ వల్ల మూత్రం నారింజ రంగుకు మారడం అనే నాలుగింటిలో చివరిది హానిచేయనిదని ముందే చెప్పకపోతే రోగి భయపడి మందు మానేసే అవకాశం ఉంది.

భీమవరంలో 1895లో పుట్టి అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధన నడిపిన ఎల్లాప్రగడ సుబ్బారావు బృందం ప్రపంచానికి అందించిన మందులలో మెథోట్రెక్సేట్ ఒకటి. కణ విభజనకు అవసరమైన ఫోలిక్ ఆమ్లం పనిని అడ్డుకోవడం దాని చర్య. కీళ్లవాతానికి దీనిని వారానికి ఒకసారి మాత్రమే ఇస్తారు. పొరపాటున రోజూ మింగితే ఎముకమజ్జ అణగిపోయి ప్రాణం పోవచ్చు. ఫోలిక్ ఆమ్లపు దారినే అడ్డుకొనే కోట్రైమాక్సజోల్‌ను దీనితో కలపకూడదన్న నియమం కూడా ఆ చర్య నుంచే వస్తుంది.

లెక్క తప్పితే మందు విషం

ఫార్మసీ లెక్కలు పాఠశాల స్థాయి నిష్పత్తులకు మించినవి కావు. అయినా పరీక్షలోనూ షాపులోనూ ఎక్కువ హాని చేసే తప్పులు ఇక్కడే జరుగుతాయి. 12 కిలోల బిడ్డకు కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున పారాసిటమాల్ 180 మిల్లీగ్రాములు కావాలి. 5 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాములున్న సిరప్ అయితే ఇది 7.5 మిల్లీలీటర్లు, 250 మిల్లీగ్రాములున్నదైతే 3.6 మిల్లీలీటర్లు, మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములున్న చుక్కల మందైతే 1.8 మిల్లీలీటర్లు మాత్రమే. మొదటి సీసాకు చెప్పిన కొలతను చుక్కల మందుకు వాడితే 750 మిల్లీగ్రాములు, అంటే కావలసినదానికి నాలుగు రెట్లకు పైగా, ఆ బిడ్డ కడుపులోకి పోతుంది. అందువల్ల కొలతను మిల్లీలీటర్లలో చెప్పే ముందు సీసా మీది బలాన్ని చదవడం ఫార్మసిస్టు చేయవలసిన మొదటి పని.

ఇన్సులిన్ లెక్క మరొక ఉదాహరణ. దేశంలో అమ్మే చాలా సీసాలలో మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉంటే, పెన్నులలో వాడే గొట్టాలలో 100 యూనిట్లు ఉంటాయి. వాటికి తగిన సిరంజీల గీతలూ వేరువేరు. నలభై యూనిట్ల ఇన్సులిన్‌ను వంద యూనిట్ల సిరంజీలో 20వ గీత దాకా లాగితే అది 0.2 మిల్లీలీటరు, అంటే 8 యూనిట్లే. తారుమారుగా వంద యూనిట్ల ఇన్సులిన్‌ను నలభై యూనిట్ల సిరంజీలో 20వ గీత దాకా లాగితే 0.5 మిల్లీలీటరు, అంటే 50 యూనిట్లు. రోగి స్పృహ తప్పడానికి అది చాలు.

ఓ.ఆర్.ఎస్. పొట్లం లెక్కనూ, శరీరధర్మాన్నీ కలిపి నేర్పే మంచి పాఠం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో ప్రకటించిన సూత్రం ప్రకారం లీటరు నీటికి సోడియం క్లోరైడ్ 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు, మొత్తం 20.5 గ్రాములు కలపాలి. గ్లూకోజ్ అణుభారం 180 కనుక 13.5 గ్రాములు 75 మిల్లీమోల్‌లు అవుతాయి. ఉప్పు నుంచీ సిట్రేట్ నుంచీ కలిపి సోడియం కూడా 75 మిల్లీమోల్‌లే. చిన్న ప్రేగు గోడలోని వాహకం సోడియాన్నీ గ్లూకోజ్‌నూ జోడించి లోపలికి మోస్తుంది, వాటి వెంట నీరు పోతుంది. అందుకే ఈ రెండూ సమానంగా ఉంటాయి. ద్రావణపు మొత్తం గాఢత లీటరుకు 245 మిల్లీఆస్మోల్‌లు. లీటరు పొట్లాన్ని 200 మిల్లీలీటర్ల గ్లాసులో కలిపితే ఇది ఐదు రెట్లై ప్రేగులలోకే నీటిని లాగి, రక్తంలో సోడియాన్ని పెంచి, బిడ్డ పరిస్థితిని దిగజారుస్తుంది. విరేచనాల బిడ్డకు దీనితోపాటు 14 రోజులు జింకు ఇవ్వాలి. ఆరు నెలలు నిండినవారికి రోజుకు 20 మిల్లీగ్రాములు, అంతకు చిన్నవారికి 10 మిల్లీగ్రాములు.

ఎండా, నిల్వా, రసాయనమూ

లేబుల్ మీది నిల్వ సూచనలకు భారత ఫార్మకోపియాలో నిర్దిష్టమైన అర్థాలున్నాయి. చల్లని చోటు అంటే 8 డిగ్రీలకు మించనిది, సాధారణంగా 2 నుంచి 8 డిగ్రీల ఫ్రిజ్. కొంచెం చల్లన అంటే 8 నుంచి 25 డిగ్రీలు. వెచ్చన అంటే 30 నుంచి 40 డిగ్రీలు. 40 దాటితే అది మితిమీరిన వేడి. ఈ చివరి నిర్వచనం కొన్ని ప్రాంతాల విద్యార్థికి కంఠస్థం చేయవలసిన అంకె మాత్రమే కావచ్చు. ఉరవకొండలో ఏప్రిల్ నెల మధ్యాహ్నం రేకుల కప్పు కింద, కరెంటు లేని గదిలో అది వాస్తవం. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే చాలా రసాయన చర్యల వేగం దాదాపు రెట్టింపు అవుతుందన్న సూత్రం ప్రకారం, డబ్బా మీద ముద్రించిన గడువు తేదీ లేబుల్ చెప్పిన నిల్వ పాటించినప్పుడే చెల్లుతుంది.

ఏ మందు ఎలా చెడుతుందన్నది దాని నిర్మాణం చెబుతుంది. ఆస్పిరిన్‌లోని ఎస్టర్ బంధం తేమ తగిలితే విడిపోయి వెనిగర్ వాసన వస్తుంది; అమాక్సిసిలిన్‌లోని బీటాలాక్టామ్ వలయం నీటిలో తెగిపోతుంది కనుక దాని పొడిని కాచి చల్లార్చిన నీటితో గీత దాకా కలిపి, లేబుల్ చెప్పిన కొద్ది రోజులలోనే వాడి పారవేయాలి. నైట్రోగ్లిజరిన్ ఆవిరయ్యే గుణం కలది కనుక దానిని ముదురు రంగు గాజు సీసా నుంచి కాగితపు పొట్లంలోకి మార్చకూడదు. ఇన్సులిన్, ఆక్సిటోసిన్, టీకాలు ఫ్రిజ్‌లో ఉండాలి, అయితే ఇన్సులిన్ గడ్డకడితే ఇక పనికిరాదు. కెన్యాలోని శరణార్థి శిబిరపు పరిస్థితుల ఆధారంగా, 25 నుంచి 37 డిగ్రీల మధ్య మారే ఉష్ణోగ్రతలో ఇన్సులిన్ నాలుగు వారాల పాటు శక్తిని నిలుపుకుంటుందని 2021లో వెలువడిన పరిశోధన చూపింది. ఫ్రిజ్ లేని ఇంట్లో తడి మట్టికుండ ఉపయోగపడుతుంది. గాలి ఎంత పొడిగా ఉంటే నీరు అంత బాగా ఆవిరై కుండ అంత చల్లబడుతుంది కనుక, సముద్రతీరం కన్నా ఈ మెట్ట నేలలో ఆ ఉపాయం ఎక్కువ ఫలిస్తుంది.

నీటి విషయంలోనూ రసాయనం అక్కరకు వస్తుంది. నీటిని కాచితే సూక్ష్మజీవులు చస్తాయి కానీ ఫ్లోరైడ్ పోదు. ఆవిరైన మేరకు మిగిలిన నీటిలో దాని గాఢత పెరుగుతుంది. కాల్షియం, ఇనుము, యాంటాసిడ్లలోని అల్యూమినియం వంటి లోహాలు డాక్సీసైక్లిన్‌నూ సిప్రోఫ్లాక్సాసిన్‌నూ పట్టుకొని ప్రేగులలో కరగని సంయోగాలుగా మారుస్తాయి; రక్తహీనతకు ఇనుము బిళ్లలు వాడేవారు ఈ యాంటీబయాటిక్‌లను కొన్ని గంటల ఎడంతో వేసుకోవాలి.

మొక్క నుంచి విరుగుడు దాకా

ఫార్మకోగ్నసీని పాతబడిన సబ్జెక్టుగా చూసి ఆఖరి వారానికి వదిలేసేవారు ఎక్కువ. ఇళ్ల ముందు పూసే బిళ్లగన్నేరు నుంచి రక్త క్యాన్సరుకు వాడే విన్‌క్రిస్టిన్ వస్తుంది; సర్పగంధ వేరు నుంచి రిసర్పిన్ వచ్చింది. ఆల్కలాయిడ్లు అనే నత్రజని గల క్షార పదార్థాలను గుర్తించే డ్రాగెన్‌డార్ఫ్ పరీక్షలో నారింజ రంగు అవక్షేపం ఏర్పడుతుందన్నది తరచు అడిగే ప్రశ్న. అయితే ఉమ్మెత్త కథ చూస్తే, ఈ సబ్జెక్టు మిగిలిన అన్నింటితో ఎలా అల్లుకొని ఉందో తెలుస్తుంది.

బంజర్లలో, దారి పక్కన పెరిగే ఉమ్మెత్తలో హయోసిన్, హయోసయమిన్, అట్రోపిన్ అనే ట్రోపేన్ ఆల్కలాయిడ్లున్నాయి. ఇవి అసిటైల్‌కోలిన్ అనే నాడీ సంకేతం పనిచేసే మస్కరినిక్ గ్రాహకాలను మూసివేస్తాయి. అందువల్ల నోరెండుతుంది, కనుపాపలు విప్పారుతాయి, చెమట ఆగుతుంది. పొలాలలో వాడే ఆర్గనోఫాస్ఫరస్ పురుగుమందు దీనికి విరుద్ధంగా అసిటైల్‌కోలిన్‌ను విరగగొట్టే ఎంజైమును బంధించడం వల్ల చొంగ, చెమట, ఊపిరితిత్తులలో స్రావం పెరిగి మనిషి ఊపిరాడక చనిపోతాడు. కాబట్టి ఉమ్మెత్తలో విషమైన అట్రోపిన్ పురుగుమందు తాగినవానికి విరుగుడవుతుంది. దాని మోతాదు చాలిందా లేదా అన్నది కనుపాపను బట్టి గాక ఊపిరితిత్తుల స్రావం ఆరిందా అన్నదాన్ని బట్టి నిర్ణయిస్తారు. అట్రోపిన్ గ్రాహకాన్ని కాపాడుతుందే తప్ప ఎంజైమును విడిపించదు. ఆ పనికి ప్రాలిడాక్సైమ్‌ను ఆలస్యం కాకముందే ఇవ్వాలి. చెమటను ఆపే ఇదే గుణం వల్ల ట్రైహెక్సిఫెనిడిల్ వంటి మందులు వాడేవారికి నడి వేసవిలో వడదెబ్బ ముప్పు ఎక్కువ. ఒక మొక్క, ఒక పురుగుమందు, ఒక సూదిమందు, ఒక బిళ్ల అనే నాలుగు వేరు ప్రశ్నలు ఒకే గ్రాహకం దగ్గర కలుస్తాయి.

ఈ జిల్లా పంట అయిన వేరుశనగకూ పాఠ్యాంశంలో చోటుంది. వేరుశనగ నూనె కొన్ని సూదిమందులకు మాధ్యమం. పాదరసం, ఆర్సెనిక్ విషాలకు విరుగుడైన డైమర్‌కాప్రాల్ ఆ నూనెలోనే ఉంటుంది కనుక దానిని కండలోకి మాత్రమే ఎక్కిస్తారు, వేరుశనగ పడనివారిలో అది ప్రమాదకరం. పాముకాటు మందు విషయంలో నిల్వ పాఠమే మళ్లీ ఎదురవుతుంది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అనే నాలుగింటి విషానికి కలిపి పనిచేసే ఈ మందు ద్రవరూపంలో ఉంటే ఫ్రిజ్ తప్పనిసరి, పొడి రూపంలో ఉంటే అంత కట్టుదిట్టం అక్కరలేదు. దీని మోతాదు పాము చిమ్మిన విషాన్ని బట్టి ఉంటుంది గానీ మనిషి బరువును బట్టి కాదు కనుక పిల్లలకూ పెద్దలంత మోతాదే ఇస్తారు.

చట్టం, రిజిస్టరు, ధర

మూడవ పత్రాన్ని తేలికగా తీసుకోవడం పరిపాటి. డ్రగ్స్ నిబంధనలలోని షెడ్యూళ్ల అక్షరాలు గజిబిజిగా కనిపించినా, ప్రతి షెడ్యూలు ఒక ప్రమాదానికి సమాధానం. చీటీ లేకుండా అమ్మకూడని మందులు షెడ్యూల్ హెచ్‌లో ఉన్నాయి. యాంటీబయాటిక్‌ల దుర్వినియోగం పెరగడంతో 2013లో 46 మందులతో హెచ్1 షెడ్యూలు ప్రకటించబడి 2014 మార్చి 1 నుంచి అమలులోకి వచ్చింది. మూడవ తరం సెఫలోస్పోరిన్లూ, కార్బపెనెమ్‌లూ, క్షయ మందులూ అందులో ఉన్నాయి. వాటిని అమ్మినప్పుడు చీటీ రాసిన వైద్యుని వివరాలు, రోగి పేరు, మందు పేరు, పరిమాణం వేరే రిజిస్టరులో రాసి మూడేళ్లు భద్రపరచాలి. కెటమిన్ వంటి షెడ్యూల్ ఎక్స్ మందులకు వేరే లైసెన్సు, తాళం వేసిన అల్మారా, రెండు ప్రతుల చీటీ కావాలి. ఒక ప్రతిని రెండేళ్లు ఉంచాలి. 2018 నుంచి ట్రమడాల్ మాదకద్రవ్యాల చట్టం పరిధిలోకి వెళ్లింది. క్షయ మందులు అమ్మిన ఫార్మసిస్టు ఆ రోగి వివరాలను ప్రభుత్వానికి తెలపాలన్న నిబంధన కూడా 2018లోనే వచ్చింది.

చట్టాలు ఏ దుర్ఘటన తరువాత పుట్టాయో తెలిస్తే గుర్తుపెట్టుకోవడం సులువు. 1937లో అమెరికాలో సల్ఫనిలమైడ్‌ను డైఇథిలీన్ గ్లైకాల్‌లో కరిగించి అమ్మడం వల్ల వందమందికి పైగా చనిపోగా, మరుసటి ఏడాది అక్కడ కొత్త చట్టం వచ్చింది. అదే ద్రావకం కలిసిన దగ్గుమందు వల్ల 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్‌వాడాలో చిన్నపిల్లలు చనిపోవడం, ద్రావకాన్ని పరీక్షించాలన్న పాఠం ఎనభై ఏళ్లు దాటినా అందరికీ అందలేదని చూపింది. క్లోర్‌ఫెనిరమిన్, ఫెనిలెఫ్రిన్ కలిసిన జలుబు మందును నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడరాదని 2023లో కేంద్ర నియంత్రణ సంస్థ ఆదేశించింది. మందు వల్ల హాని జరిగిందన్న అనుమానం వస్తే దానిని 2010లో మొదలైన ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమానికి తెలపడం ఫార్మసిస్టు బాధ్యతలలో ఒకటి.

షాపు నిర్వహణలో గడువు ముందు తీరేది ముందు అమ్మాలన్న నియమం, ఖర్చును బట్టి సరుకును మూడు తరగతులుగా చేసే ఏ.బి.సి. పద్ధతి, ప్రాణావసరాన్ని బట్టి విభజించే వి.ఇ.డి. పద్ధతి ముఖ్యమైనవి. చవకైనవే అయినా అట్రోపిన్, ఓ.ఆర్.ఎస్. ప్రాణావసరాలు కనుక ఖర్చు జాబితాలో అడుగున ఉన్నా నిల్వలో తరగకూడదు. 2013 ధరల ఉత్తర్వు ప్రకారం, అత్యవసర మందుల జాబితాలోని మందుకు, మార్కెట్లో కనీసం ఒక శాతం వాటా ఉన్న బ్రాండ్ల సగటు ధరకు చిల్లర వర్తకుని 16 శాతం లాభం కలిపి గరిష్ఠ ధర నిర్ణయిస్తారు.

ఇతర దేశాల పరీక్షలు

విదేశాలకు వెళ్లే తెలుగు విద్యార్థులకు ఎదురయ్యే పరీక్షలను పోల్చిచూస్తే మూలం ఎంత ఒకటిగా ఉందో తెలుస్తుంది. అమెరికాలో విదేశీ పట్టభద్రుల అర్హత పరీక్ష ఔషధ విజ్ఞానాలతోపాటు క్లినికల్ జ్ఞానాన్నీ, వృత్తి నిర్వహణనూ పరీక్షిస్తుంది. ఆ తరువాత లైసెన్సు పరీక్ష, రాష్ట్ర చట్టాల పరీక్ష ఉంటాయి. 2003 నుంచి పట్టా పొందినవారికి ఐదేళ్ల చదువు తప్పనిసరి కావడంతో నాలుగేళ్ల బి.ఫార్మ్ చదివినవారికి ఆ దారి మూసుకుపోయింది. 2008లో మొదలైన ఆరేళ్ల ఫార్మ్.డి. చదివినవారికి తెరిచి ఉంది. బ్రిటన్‌లో రిజిస్ట్రేషన్ పరీక్షలోని మొదటి భాగం మొత్తం లెక్కలే, 40 ప్రశ్నలు. మిగిలినదాంట్లో ఎంత బాగా రాసినా లెక్కల భాగం విడిగా గట్టెక్కాలి. మన మూడు పత్రాలలో లెక్కలకు అలాంటి ప్రత్యేక స్థానం లేకపోవడం ఒక లోపంగానే చెప్పాలి.

పరీక్ష అడగనిది

బహుళైచ్ఛిక ప్రశ్న సరైన జవాబును గుర్తుపట్టడాన్ని కొలుస్తుంది. రోగికి అర్థమయ్యేలా చెప్పడాన్ని కొలవదు. 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనలు రోగికి సలహా చెప్పడాన్ని ఫార్మసిస్టు విధిగా పేర్కొన్నాయి. పరీక్ష ఇంగ్లీషులో రాసిన విద్యార్థి మరునాడు పరగడుపున, అన్నం తిన్నాక, నాలుక కింద, వారానికి ఒక్క రోజు అనే మాటలతో తెలుగులో, బళ్ళారి సరిహద్దున కొన్నిసార్లు కన్నడంలో కూడా, మందు వాడకాన్ని వివరించాలి. తెల్లవారుజామునే పొలానికి పోయి మధ్యాహ్నం దాకా ఏమీ తినని కూలీకి ఉదయం గ్లైమిపిరైడ్ వేసుకోమంటే రక్తంలో చక్కెర పడిపోతుంది. భోజనం వేళ అడగకుండా మూడు పూటలూ వేసుకో అనడం సలహా కాదు. డిప్లొమాలోని 500 గంటల ఆచరణ శిక్షణ ఇందుకే ఉద్దేశించబడింది. దానిని సంతకాలతో పూర్తిచేసుకొన్నవారికి పరీక్షలో మార్కులు రావచ్చు గానీ వృత్తి రాదు.

నిర్ణయం

పరిశీలించినంత మేరకు మూలజ్ఞానం ఐదు భాగాలుగా తేలుతుంది: మందు శరీరంలో నడిచే తీరు, ప్రధానమైన గ్రాహకాల, ఎంజైముల చర్య, తప్పులేని లెక్క, చెడకుండా ఉంచే రసాయనం, అమ్మకానికి హద్దులు గీసే చట్టం. మిగిలిన పేర్లూ అంకెలూ వీటికి వేలాడే వివరాలు. ఏ మందు చదివినా అది ఎలా పనిచేస్తుంది, ఈ రోగికి ఎంత, ఎక్కడ దాచాలి, దేనితో కలపకూడదు, ఏ రిజిస్టరులో రాయాలి అనే ఐదు ప్రశ్నలు వేసుకుంటే మూడు పత్రాలూ ఒకే చదువుగా కలుస్తాయి. పరీక్షను రూపొందించేవారు లెక్కలకు విడి భాగాన్నీ, చీటీ ఇచ్చి మొత్తం పరిశీలించమనే ప్రశ్నలనూ చేర్చాలి. కళాశాలలు ఆచరణ గంటలను నిజంగా జరిపించాలి. అప్పటిదాకా విద్యార్థులు తమ ఊరి ఎండనూ, నీటినీ, పంటనూ, పనివేళలనూ పాఠంలో భాగంగా చదువుకోవడం మేలు. అర్హత వచ్చిన మరునాడు వారి ఎదుట నిలిచే రోగులు ఆ ఊరివారే.